బీపీ పడిపోయింది నీరసం వల్ల కాదు: వెన్నుపాము గాయం, కాలువ లష్కరు కథ

నమస్కారం. మెడ దగ్గర వెన్నుపాము దెబ్బతిన్న మనిషిని మంచం మీద నుంచి లేపి చక్రాల కుర్చీలో కూర్చోబెడతారు. నిమిషం గడవకముందే ముఖం పాలిపోతుంది, చూపు మసకబారుతుంది, తల పక్కకు వాలిపోతుంది. పడుకున్నప్పుడు 100 ఉన్న పై బీపీ 70కి దిగిపోతుంది. చుట్టూ ఉన్నవాళ్లు "సరిగా తినడం లేదు, నీరసం" అంటారు. ఫిజియోథెరపిస్టుగా ఆ మాట విన్న ప్రతిసారీ నాకు బాధ కలుగుతుంది. అది నీరసం కాదు. అతని రక్తనాళాలకు మెదడు మాట అందడం లేదు.

(తెరపై: కాలువ, తూములు, చివరి పొలం)

చివరి పొలానికి నీరు చేరాలంటే మధ్యలో ఉన్న తూముల షట్టర్లు కాస్త దించాలి. ఆ పని లష్కరుది. మనం లేచి కూర్చోగానే మన తలే ఆ చివరి పొలం. రక్తం కాళ్లలోకి, కడుపులోని నాళాల్లోకి జారిపోతుంది. మెడ ధమనిలోని నాడులు ఆ సంగతి మెదడుకు చేరవేస్తాయి. మెదడు వెన్నుపాము గుండా లష్కర్లకు, అంటే నాళాలను బిగించే నాడీకణాలకు, కబురు పంపుతుంది. వాళ్లు నాళాలను బిగిస్తారు.

ఆ లష్కర్లు ఉండేది వెన్నుపాములోనే, ఛాతీ వెనుక నుంచి నడుము పైభాగం దాకా. గాయం మెడ దగ్గర అయింది కాబట్టి వాళ్లకు ఏమీ కాలేదు. తూము పక్కనే నిలబడి ఉన్నారు. ఫోను తీగ మాత్రం తెగింది. నన్ను ఈ విషయంలోకి లాగింది ఇదే: పనివాడు ఉన్నాడు, పని చెప్పేవాడే లేడు.

మరి మందులు? బీపీ పెంచే మిడోడ్రిన్ లాంటి మాత్ర పనిచేస్తుంది కానీ, మనిషి లేచాడా పడుకున్నాడా అన్నది దానికి తెలియదు. షట్టర్లు దించే ఉంచుతుంది. పడుకుంటే బీపీ మరీ పెరగవచ్చు.

స్విట్జర్లాండ్‌లోని లోజాన్‌లో గ్రెగోయిర్ కూర్తీన్, జోస్లిన్ బ్లాక్, కెనడాలోని కాల్గరీలో ఆరన్ ఫిలిప్స్ బృందాలు లష్కరుతో నేరుగా మాట్లాడవచ్చు కదా అనుకున్నాయి. ఏ లష్కరుతో మాట్లాడితే కాలువ అంతా కదులుతుందో వెతికాయి. ఛాతీ భాగపు వెన్నుపాము అడుగున ఉన్న చివరి మూడు ఖండాలు దొరికాయి. కడుపులోని పెద్ద తూములు వాటి చేతిలోనే ఉన్నాయి. వెన్నుపాము పొర మీద ఎలక్ట్రోడ్లు అమర్చి, అవసరమైనంత కరెంటు మాత్రమే పంపారు. 2021లో ప్రచురించిన ఆ పరిశోధనలో ఎలుకల్లో, కోతుల్లో, ఒక మనిషిలో బీపీ నిలబడింది. 2025లో 14 మందిలో వచ్చిన ఫలితాలు ప్రచురించారు. ఇంకా ఇది పరిశోధన దశే. క్లినిక్‌లో కండరాలకు పెట్టే కరెంటు మిషను ఇది కాదు, దయచేసి ఇంట్లో ప్రయత్నించకండి.

సమయం అయిపోతోంది, కానీ రెండో ప్రమాదం చెప్పకుండా వెళ్లలేను. మూత్రాశయం నిండినా, మూత్రం బయటకు తీసే క్యాథెటర్ గొట్టం మడతపడినా కింది నుంచి గోల మొదలవుతుంది. లష్కరు బెదిరి షట్టర్లన్నీ దించేస్తాడు. ఆపమనే మెదడు మాట చేరదు. బీపీ 200 దాటవచ్చు. దీన్ని ఆటోనామిక్ డిస్‌రిఫ్లెక్సియా అంటారు. అదే చోట కరెంటు ఇచ్చి దీన్నీ అదుపు చేయవచ్చా అని చూస్తున్నారు.

ఈలోగా ఇంట్లోవాళ్లు ఇది గుర్తుంచుకోండి: తల పగిలిపోయేలా నొప్పి, ముఖం ఎర్రబడటం, చెమటలు కనిపిస్తే పడుకోబెట్టకండి. నిటారుగా కూర్చోబెట్టి కాళ్లు కిందికి వేలాడదీయండి. బెల్టు, బిగుతు బట్టలు వదులు చేయండి. క్యాథెటర్ గొట్టాన్ని మొదటి నుంచి చివరి దాకా చేత్తో తడిమి చూడండి. తగ్గకపోతే వెంటనే 108కి ఫోను చేయండి.