ప్లాన్ మార్చేముందు తీగ లాగండి: ఇంటి బ్రాడ్‌బ్యాండ్‌కి గేమ్ కన్సోల్ కలపడం

[తెర మీద: పాత బరంపురంలో ఒక వీధి. గోడా గోడా ఆనుకున్న ఇళ్లు. కెమెరా వీధి గుమ్మంలోంచి లోపలికి నడుస్తుంది.]

నమస్కారం. ఇది ఒడిశా బరంపురంలో మా ఇల్లు. వీధి గుమ్మంలో నిలబడితే పెరటి తలుపు కనిపిస్తుంది, అంత పొడవు. వెడల్పు మాత్రం రెండు మంచాలు వేస్తే నిండిపోతుంది. ముందు వీధి గది, తర్వాత నడిమి గది, దాని వెనక ఇంకో గది, వంటిల్లు, పెరడు. ఇటు గంజాంలో, అటు పర్లాకిమిడిలో ఇలాంటి ఇళ్లలో ఉన్నవాళ్లకి నేను చెప్పబోయేది వెంటనే అర్థమవుతుంది.

నెట్ కనెక్షన్ ఇచ్చే కుర్రాడు ఫైబర్ డబ్బాని, అంటే వైఫై ఇచ్చే రూటర్‌ని, వీధి గదిలోనే బిగించి వెళ్తాడు. స్తంభం వీధిలో ఉంది కాబట్టి అతనికి అదే దగ్గర. టీవీ, దాని కింద గేమ్ కన్సోల్ మాత్రం రెండు గదులు దాటి లోపల ఉంటాయి. మధ్యలో అడుగున్నర మందం పాత గోడలు. మా ఇంట్లో కష్టమంతా ఆ గోడల దగ్గరే వచ్చింది.

[తెర మీద: టీవీలో ఆగిపోయిన ఆట.]

మా తమ్ముడు పీఎస్5 అనే గేమ్ కన్సోల్ కొన్నాక మూడు నెలలు రోజూ రాత్రి ఎనిమిదింటికి ఒకటే టెన్షన్. ఆట నడుస్తూ నడుస్తూ నిలిచిపోయేది. వాడు బటన్ నొక్కిన కాసేపటికి గానీ ఆటగాడు కదిలేవాడు కాదు. చివరికి కనెక్షన్ తెగిపోయేది. ఫోన్ చేసి అడిగితే ప్లాన్ పెంచుకోమన్నారు. 40 ఎంబీపీఎస్ నుంచి 100కి వెళ్లాం, తర్వాత 200కి. నెలనెలా బిల్లు పెరిగింది, ఆట మాత్రం అలాగే ఉంది. అది బాగుపడింది రూటర్ నుంచి కన్సోల్‌కి నేరుగా వేసిన ఒక్క లాన్ కేబుల్‌తో. అందుకే ఈ వీడియో చేస్తున్నాను. మీరెవరూ మాలాగా ఊరికే డబ్బు కట్టకూడదని నా కోరిక.

[తెర మీద: భారతదేశ పటం. బరంపురం నుంచి ముంబైకి గీత.]

ఆన్‌లైన్ ఆట నడుస్తున్నంతసేపూ కన్సోల్ పంపేవి చిన్న చిన్న కబుర్లే. నా ఆటగాడు ఇక్కడున్నాడు, ఇటు తిరిగాడు, ఈ బటన్ నొక్కాడు, అంతే. వాటికి కొద్దిపాటి స్పీడు చాలు. ఆ కబురు సర్వర్ దాకా, అంటే ఆటని నడిపే కంపెనీ కంప్యూటర్ దాకా, వెళ్లి జవాబు తేవడానికి పట్టే సమయమే ఆటని నడిపిస్తుంది. దాన్ని పింగ్ అంటాం, మిల్లీసెకన్లలో కొలుస్తాం.

పటం చూడండి. సర్వర్ ముంబైలో ఉందనుకుందాం. బరంపురం, ముంబై దాదాపు ఒకే అక్షాంశం మీద ఉన్నాయి. తిన్నగా గీత గీస్తే సుమారు 1,250 కిలోమీటర్లు. ఫైబర్‌లో కాంతి సెకనుకి దాదాపు 2 లక్షల కిలోమీటర్లు వెళ్తుంది. అంటే పోయి రావడానికి కనీసం 12 మిల్లీసెకన్లు కావాలి. నిజానికి కేబుల్ తిన్నగా ఉండదు, దారిలో ఎన్నో యంత్రాలు దాటాలి. కాబట్టి ముంబై సర్వర్‌కి 40 వచ్చినా బాగున్నట్టే. ఆట మిమ్మల్ని సింగపూర్ సర్వర్‌కి కలిపితే ఇంకా పెరుగుతుంది. ఎంత ఖరీదైన ప్లాన్ కొన్నా ఆ దూరం తగ్గదు. ఆటలో రీజియన్ ఎంచుకునే వీలుంటే దగ్గరది పెట్టుకోండి.

మా ఇంట్లో పింగ్ ఒకసారి 45 చూపించేది, మరుక్షణం 300. చాలా ఆటల్లో ఆ అంకె తెర మూలన కనిపించేలా పెట్టుకోవచ్చు. పెట్టుకుని ఒక రాత్రంతా గమనించండి. అంకె కాస్త ఎక్కువగా ఉన్నా నిలకడగా ఉంటే ఆడుకోవచ్చు. ఇలా ఎగిరిపడుతుంటే మాత్రం ముందు మీ ఇంట్లోనే వెతకండి.

[తెర మీద: ఫోన్‌లో వైఫై పేర్ల జాబితా, పైనుంచి కిందికి.]

వీధి ఇళ్లలో వైఫై ఎందుకు తడబడుతుందో ఈ జాబితా చెబుతుంది. మా నడిమి గదిలో నిలబడితే ఎడమింటి వైఫై, కుడింటి వైఫై, ఎదురింటిది, అన్నీ వస్తున్నాయి. 2.4 గిగాహెర్ట్జ్ అనే రేడియో తరంగాల మీద నడిచే వైఫైలో ఒకదానితో ఒకటి కలవని చానెళ్లు మూడే: 1, 6, 11. వీధి వీధంతా ఆ మూడింటిలోనే సర్దుకోవాలి. రాత్రి ఎనిమిదింటికి అందరూ ఇళ్లకు చేరతారు, మా తమ్ముడి ఆట అప్పుడే ఆగుతుంది. 5 గిగాహెర్ట్జ్‌లో చోటు ఎక్కువ, వేగం ఎక్కువ. కానీ అది గోడలు దాటడంలో బలహీనం. మా రెండో గోడ దాటేసరికి దాని గుర్తు ఒక్క గీతకి పడిపోయింది.

ఇంకో మాట. 2013లో వచ్చిన మొదటి పీఎస్4 మీ దగ్గరుంటే దానికి 5 గిగాహెర్ట్జ్ అసలు కనిపించదు. రూటర్ పాడైందని కంగారు పడకండి.

[తెర మీద: వీధి గది నుంచి టీవీ దాకా పురికొస పట్టుకుని ఇద్దరు.]

ఇప్పుడు తీగ సంగతి. ముందు పురికొసతో కొలవండి. రూటర్ దగ్గర మొదలుపెట్టి గోడ మూల వెంట పైకి, గుమ్మం పైనుంచి, మళ్లీ గోడ వెంట టీవీ వెనక్కి. మాకు 17 మీటర్లు వచ్చింది, 20 మీటర్లది కొన్నాం. క్యాట్ 5ఈ లేదా క్యాట్ 6 కేబుల్ 100 మీటర్ల దాకా వేగం తగ్గకుండా పనిచేస్తుంది, కాబట్టి ఇంట్లో పొడవు గురించి బెంగ అక్కర్లేదు.

మా అమ్మ మాత్రం "గోడకి కన్నం పెట్టొద్దురా, తాతగారి కాలం గోడ" అంది. పెట్టలేదు. తలుపు చట్రం పైన వేలెడు సందు ఉంటే అందులోంచి చదునైన లాన్ కేబుల్ తీసుకెళ్లాం. మామూలు గుండ్రటి తీగకి బదులు చదునైనది తలుపు కింద కూడా పడుతుంది, కానీ రోజూ తలుపుకి నలిగితే లోపలి తీగ తెగుతుంది. పైనుంచే తీసుకెళ్లండి. కరెంటు తీగల పక్కనే కట్టకండి. ఎక్కడా మడత పెట్టకండి.

ఒక కొస రూటర్ వెనక లాన్ అని రాసిన రంధ్రంలో, రెండో కొస కన్సోల్ వెనక. టిక్కుమని శబ్దం రావాలి. నింటెండో స్విచ్ మొదటి మోడల్ డాక్‌కి లాన్ పోర్ట్ ఉండదు, యూఎస్‌బీ అడాప్టర్ కొనాలి. ఓఎల్ఈడీ మోడల్ డాక్‌కి ఉంటుంది.

పీఎస్5లో సెట్టింగ్స్, నెట్‌వర్క్, సెట్టింగ్స్, అందులో సెటప్ ఇంటర్నెట్ కనెక్షన్‌కి వెళ్లి వైర్డ్ లాన్ ఎంచుకోండి. ఎక్స్‌బాక్స్ అయితే తీగ పెట్టగానే తనే పట్టుకుంటుంది. తర్వాత టెస్ట్ నడపండి. మీ ప్లాన్ 200 అయినా 95 దగ్గరే ఆగిపోతే కేబుల్‌ని అనుమానించండి. లోపల ఎనిమిది తీగలుంటాయి. ఒక్కటి తెగినా లింకు చాలాసార్లు 100కి పడిపోతుంది.

ఇల్లు అద్దెదై తీగ వేయనివ్వకపోతే రూటర్‌ని గూట్లోంచి, టీవీ వెనక నుంచి తీసి ఎత్తున పెట్టండి, నడిమి గుమ్మానికి ఎదురుగా ఉండేలా చూడండి. అంతవరకు చేసి చూశాకే మెష్ రూటర్ల (గదిగదికీ ఒకటి పెట్టి వైఫై పంచే డబ్బాలు) ఖర్చు గురించి ఆలోచించండి. డీఎన్ఎస్ (సైటు పేరుకి అడ్రసు వెతికిపెట్టే సేవ) మారిస్తే పింగ్ తగ్గుతుందని కొందరు చెబుతారు. ఆట మొదలయ్యాక దానికి పని లేదు.

[తెర మీద: ఫోన్‌లో ఫోటోలు బ్యాకప్ అవుతున్నట్టు గుర్తు.]

తీగ వేశాక కూడా ఒక రాత్రి పింగ్ ఎగిరింది. వెతికితే మా నాన్న ఫోన్. పెళ్లి వీడియోలన్నీ బ్యాకప్ అవుతున్నాయి. పైకి వెళ్లే దారి (అప్‌లోడ్) నిండిపోతే ఆట కబుర్లు వెనక వరసలో నిలబడాలి. బ్యాకప్‌ని తెల్లవారుజాముకి మార్చాం. కన్సోల్ డౌన్‌లోడ్లు కూడా రెస్ట్ మోడ్‌లో రాత్రికి వదిలేయండి. 80 జీబీ ఆట 100 ఎంబీపీఎస్ మీద దిగడానికి గంటా నలభై ఏడు నిమిషాలు, 40 మీద దాదాపు నాలుగున్నర గంటలు. పెద్ద ప్లాన్ నిజంగా పనికొచ్చేది ఇక్కడే.

[తెర మీద: టెస్ట్ ఫలితంలో నాట్ టైప్ 3.]

ఇంకొంతమందికి స్పీడు, పింగ్ అన్నీ బాగున్నా స్నేహితుల గొంతు వినపడదు, ఒకే ఆటలో చేరలేరు. టెస్ట్‌లో నాట్ టైప్ 3 అనో, ఎక్స్‌బాక్స్‌లో స్ట్రిక్ట్ అనో ఉంటుంది. బయటి కన్సోళ్లు మీ కన్సోల్‌తో నేరుగా కలవలేకపోతున్నాయని దాని అర్థం. నెట్‌లో ఒక్కో కనెక్షన్‌ని గుర్తుపట్టే పాత పద్ధతి ఐపీ అడ్రసులు ప్రపంచం మొత్తానికి 430 కోట్ల లోపే. చాలక కంపెనీలు ఒకే అడ్రసుని ఎన్నో ఇళ్లకు పంచుతున్నాయి. రూటర్ పేజీలో వాన్ ఐపీ (కంపెనీ మీ రూటర్‌కి ఇచ్చిన అడ్రసు) 100.64 నుంచి 100.127 లోపు అంకెలతో మొదలైతే మీదీ పంచుకున్న అడ్రసే. ముందు రూటర్‌లో యూపీఎన్‌పీ ఆన్ చేయండి, కన్సోల్ తనకు కావలసిన దారిని తనే తెరుచుకుంటుంది. ఫైబర్ డబ్బాకి మీ సొంత రూటర్ కూడా తగిలించి ఉంటే దాన్ని యాక్సెస్ పాయింట్ మోడ్‌కి మార్చండి, అప్పుడది వైఫై మాత్రమే ఇస్తుంది. అయినా లొంగకపోతే కంపెనీని పబ్లిక్ ఐపీ, అంటే మీ ఒక్క ఇంటికే ఇచ్చే అడ్రసు, అడగాలి. నెలకు కొంత అదనంగా కట్టాల్సి రావచ్చు, కానీ ఈ ఒక్క జబ్బుకి అది సరైన మందు. ఫోన్‌లో ఒడియా అబ్బాయి దొరికితే "భాయినా, మోర పబ్లిక్ ఐపీ దరకార్" (అన్నా, నాకు పబ్లిక్ ఐపీ కావాలి) అనండి, పని త్వరగా అవుతుంది.

[తెర మీద: ఫైబర్ డబ్బా మీద లైట్లు.]

ఇక మన తీరం గురించి. 2013 అక్టోబరు 12న ఫైలిన్ తుఫాను మా పక్కనున్న గోపాల్‌పూర్ దగ్గరే తీరం దాటింది. ఈ ఊళ్లో అక్టోబరు వస్తే తుఫాను మాట ఎవరూ తేలిగ్గా తీసుకోరు. ఫైబర్ స్తంభాల మీద వేలాడే తీగ, గాలికి తెగుతుంది. డబ్బా మీద లాస్ (సిగ్నల్ అందడం లేదని అర్థం) అన్న చోట ఎర్ర లైటు వెలిగితే తెగింది చాలావరకు వీధిలోనే. అప్పుడు కన్సోల్‌లో ఏ సెట్టింగూ ముట్టుకోకండి. పీకిన ఫైబర్ కొసలోకి చూడొద్దు, కంటికి ప్రమాదం. ఆ ఎర్ర లైటుని ఫోటో తీసి కుర్రాడికి పంపండి. మళ్లీ పాన్ లైటు (ఫైబర్ లింకు ఉందని చెప్పేది) పచ్చగా నిలిచాక కన్సోల్ ఆన్ చేయండి, మీరు వేసిన తీగ ఎక్కడిదక్కడే ఉంటుంది.