ఐర్లాండ్‌లో తినడానికి బంగాళాదుంపలేనా?

హాయ్ అండీ! సమ్మర్ సెలవులకి పిల్లల్ని తీసుకుని ఐర్లాండ్ వెళ్తున్నామంటే చాలు, "అక్కడేముంటుంది, ఉడకేసిన బంగాళాదుంపలేగా, పచ్చడి సర్దుకోండి" అంటారు. పచ్చడి సర్దుకోండి, నేనూ వద్దనను. ఆ బంగాళాదుంప మాటకే నాకు ఒళ్లు మండుతుంది.

అసలు బంగాళాదుంప అక్కడికి చేరిందే 16వ శతాబ్దం చివర్లో. అంతకుముందు తరతరాలుగా వాళ్లు బతికింది పాడి మీద, ఓట్స్ మీద. వానలకి గడ్డికి కొదవుండదు, ఆ గడ్డి మేసిన ఆవుల వెన్న పసుపుపచ్చగా ఉంటుంది. అది కలిపిన రంగు కాదు, గడ్డిలోని కెరోటిన్. కార్క్ ఊళ్లో వెన్న మ్యూజియమే ఉంది, బురదనేలలో పాతిపెట్టిన వెయ్యేళ్లనాటి వెన్న కూడా అక్కడుంది, పిల్లలకి తప్పకుండా చూపించండి.

వెన్న తీస్తే మజ్జిగ మిగులుతుంది కదా, సోడా బ్రెడ్ దాంతోనే. గోధుమపిండి, ఉప్పు, వంట సోడా, మజ్జిగ, అంతే, ఈస్ట్ లేదు. మనం అప్పటికప్పుడు రవ్వ ఇడ్లీ వేసుకుంటాం చూడండి, పుల్లటి మజ్జిగలో సోడా పడగానే బుసబుసా పొంగుతుందే, ఇదీ అదే. సోడా వేశాక ఇడ్లీ పిండిని అలా వదిలేస్తే ఆ పొంగు చచ్చిపోయి గట్టిగా వస్తాయి, బ్రెడ్ కూడా అంతే, కలిపీ కలపగానే పొయ్యెక్కాలి. అక్కడి గోధుమలో గ్లూటెన్, అంటే పిండికి సాగే గుణమిచ్చే ప్రోటీన్, తక్కువ, ఈస్ట్‌తో సరిగ్గా పొంగదు, అందుకే 19వ శతాబ్దంలో సోడా దొరకగానే ఇంటింటా ఇదే మొదలైంది.

మరి బంగాళాదుంప పేరెందుకొచ్చింది? ధాన్యం, వెన్న అమ్మి కౌలు కట్టేవాళ్లు, తినడానికి ఆ దుంపలే మిగిలేవి. 1845లో వాటికి తెగులొస్తే కొన్నేళ్లలో దాదాపు 10 లక్షల మంది చనిపోయారు, ఓడల్లో వెన్న మాత్రం ఎగుమతవుతూనే ఉంది. అది తెలిశాక ఆ జోకు నాకు నవ్వు రాదు.

టైమ్ అయిపోతోంది, గబగబా చెప్పేస్తా. బ్లాక్ పుడ్డింగ్ స్వీట్ కాదు, పంది రక్తంతో చేస్తారు, పిల్లలకి ముందే చెప్పండి. అక్కడి నాటు ఆయిస్టర్ల, అంటే తినే ఆల్చిప్పల, సీజన్ సెప్టెంబర్ నుంచి, వేసవిలో దొరికేది పసిఫిక్ రకం. శాకాహారులైతే కూరగాయల సూప్, బ్రౌన్ బ్రెడ్ అడగండి, సూప్‌లో చికెన్ స్టాక్ (చికెన్ ఉడికించిన నీళ్లు) వేశారా అని కూడా అడగండి. పిల్లలతో పబ్‌కి భోజనానికి వెళ్లొచ్చు, మే నుంచి సెప్టెంబర్ దాకా అయితే రాత్రి 10 లోపు బయటికొచ్చేయాలి.