అడ్రస్ లెక్క డ్రైవర్ పని కాదు

అందరికీ నమస్కారం. డివైజ్ డ్రైవర్లు (హార్డ్‌వేర్ పరికరాలను నడిపే ప్రోగ్రాములు) రాస్తున్నవాళ్లు, రాయబోతున్నవాళ్లు ఇక్కడ ఎక్కువమంది ఉన్నారు కాబట్టి నేరుగా విషయంలోకి వస్తాను. డీఎంఏ (డైరెక్ట్ మెమరీ యాక్సెస్) అంటే మీకు తెలుసు: నెట్‌వర్క్ కార్డు, డిస్క్ కంట్రోలర్ లాంటివి ప్రాసెసర్‌తో పని లేకుండా తామే మెమరీని చదువుతాయి, అందులో రాస్తాయి. హార్డ్‌వేర్‌కి ఇది పాత విద్యే. ఆపరేటింగ్ సిస్టమ్‌కు గుండె అయిన కెర్నెల్‌లో దీనికి ఇంటర్‌ఫేస్ ఎలా ఉండాలి, ఒకే డ్రైవర్ పీసీ మీద, ఆల్ఫా, ఆర్మ్ లాంటి వేరే ప్రాసెసర్ల మీద ఒక్క లైను మార్చకుండా ఎలా నడవాలి అన్నదే అసలు కష్టం.

డ్రైవర్ రాసేవాళ్లకు ముందుగా తోచే దారి ఒకటే. బఫర్ (డేటా ఉంచే మెమరీ ముక్క) వర్చువల్ అడ్రస్, అంటే ప్రోగ్రాముకు కనపడే అడ్రస్ తీసుకుని, అసలు మెమరీలోని ఫిజికల్ అడ్రస్‌గా మార్చి, డివైజ్ రిజిస్టర్‌లో రాసెయ్యడం. పీసీ మీద చాలాకాలం ఇలాగే నడిచింది. లైనక్స్‌లో వర్ట్-టు-బస్ అనే ఫంక్షన్ ఉండేది అందుకే. కానీ ఆ ఒక్క లైనులో మూడు నమ్మకాలున్నాయి: ప్రాసెసర్‌కీ డివైజ్‌కీ మెమరీ అడ్రసులు ఒకటేనని, డివైజ్‌కి మెమరీ అంతా అందుతుందని, క్యాష్‌లో (ప్రాసెసర్ తన దగ్గర ఉంచుకునే మెమరీ నకళ్లలో) ఉన్నదీ మెమరీలో ఉన్నదీ ఎప్పుడూ ఒకేలా ఉంటాయని. ఈ మూడింటిలో ప్రతిదీ ఏదో ఒక మెషీన్ మీద అబద్ధమే.

పాత పీసీల్లో పెట్టే ఐఎస్ఏ కార్డు సంగతి చూడండి. దానికి ఉన్నవి 24 అడ్రస్ లైన్లు. అంటే మొదటి 16 ఎంబీ దాటి దానికి ఏమీ కనపడదు. పైగా పీసీలోని డీఎంఏ కంట్రోలర్ 8 బిట్ల చానెల్ మీద 64 కేబీ హద్దు దాటి ఒకే బదిలీ చెయ్యలేదు. బఫర్ 16 ఎంబీ పైన ఉంటే కింద ఒక తాత్కాలిక బఫర్ తీసుకుని, డేటాను అక్కడికి కాపీ చేసి పంపాలి. దాన్నే బౌన్స్ బఫర్ అంటాం. అదే కార్డును ఆల్ఫా మెషీన్‌లో పెడితే కాపీ అక్కర్లేదు. అక్కడ బస్సుకూ (కార్డులను కలిపే దారికీ) మెమరీకీ మధ్య అడ్రసులు మార్చే హార్డ్‌వేర్ ఉంటుంది. మెమరీలో ఎక్కడో ఉన్న పేజీని కార్డుకు అందే అడ్రసులో అది చూపిస్తుంది. కార్డు ఒకటే, డ్రైవర్ ఒకటే, చెయ్యాల్సిన పని మాత్రం పూర్తిగా వేరు. ఈ తేడాలన్నీ డ్రైవర్‌లో రాయడం మొదలుపెడితే ఇక అంతూ పొంతూ ఉండదు.

దీన్ని మూలం నుంచి ఆలోచించినవాడు నెట్‌బీఎస్‌డీ అనే ఆపరేటింగ్ సిస్టమ్‌కు చెందిన జేసన్ థోర్ప్. నాసా ఏమ్స్ పరిశోధన కేంద్రంలో పనిచేస్తూ రూపొందించిన బస్-డీఎంఏ పద్ధతిని ఆయన 1998లో యూసెనిక్స్ అనే కంప్యూటర్ సిస్టమ్స్ సదస్సులో పత్రంగా సమర్పించారు. అందులో డ్రైవర్ అడ్రస్ లెక్కించదు. తన అవసరం చెబుతుంది: ఇంత సైజు, ఇన్ని ముక్కల వరకు ఫర్వాలేదు, ఈ హద్దు దాటకూడదు. ఆ వివరాలతో ఒక మ్యాప్ తయారవుతుంది. బఫర్‌ను అందులోకి లోడ్ చేస్తే, డివైజ్‌కి ఇవ్వాల్సిన అడ్రసులు, పొడవులు బయటికి వస్తాయి. వెనక కాపీ జరిగిందా, అడ్రసులు మార్చే హార్డ్‌వేర్ పట్టికలో రాయడం జరిగిందా, అసలు ఏమీ జరగలేదా అన్నది డ్రైవర్‌కి తెలియదు. తెలియకూడదు కూడా.

ఈ డిజైన్‌లో నాకు అన్నిటికన్నా గొప్పగా అనిపించేది సింక్. బదిలీకి ముందొకసారి, తర్వాతొకసారి డ్రైవర్ సింక్ పిలవాలి, ఏ వైపు బదిలీయో చెప్పాలి. ఇల్లు అద్దెకిచ్చాక యజమాని తన దగ్గరున్న తాళంచెవితో లోపలికి వెళ్లడు కదా, అలాగే ముందు సింక్‌కీ తర్వాతి సింక్‌కీ మధ్య బఫర్ డివైజ్‌ది. ప్రాసెసర్ దాన్ని ముట్టుకోకూడదు. మామూలు పీసీ మీద ఈ పిలుపులతో దాదాపు ఏ పనీ జరగదు. అందుకే చాలామంది వీటిని దండగ అనుకుని వదిలేస్తారు. క్యాష్‌ను హార్డ్‌వేర్ తనంతట తాను సరిచూసుకోని ఆర్మ్, మిప్స్ బోర్డుల మీద మాత్రం క్యాష్‌ను మెమరీలోకి దించడం, పాత లైన్లను (క్యాష్ నిల్వ చేసే చిన్న ముక్కలను) చెరిపెయ్యడం అక్కడే జరుగుతాయి. డివైజ్ రాసిన బౌన్స్ బఫర్‌ను అసలు బఫర్‌లోకి కాపీ చేసేది కూడా ఆ తర్వాతి సింక్‌లోనే. తర్వాత తరం ఆర్మ్ ప్రాసెసర్లు అడక్కుండానే మెమరీని ముందుగా క్యాష్‌లోకి లాగడం మొదలుపెట్టాయి. దాంతో బదిలీ అయ్యాక కూడా క్యాష్ చెరపాల్సి వచ్చింది. ఆ పనికి తగిన చోటు ఇంటర్‌ఫేస్‌లో అప్పటికే ఉంది. డ్రైవర్లను మార్చాల్సిన పని లేకపోయింది.

ఇంకో బీఎస్‌డీ సిస్టమ్ ఫ్రీబీఎస్‌డీ ఇదే ఆలోచనను తీసుకుని హద్దుల వివరాలను ట్యాగ్ అనే విడి వస్తువులో పెట్టింది. బౌన్స్ పేజీలు అప్పుడు దొరక్కపోతే, దొరికినప్పుడు డ్రైవర్‌ను తిరిగి పిలిచేలా కాల్‌బ్యాక్ పెట్టింది. లైనక్స్ తేలిక దారి ఎంచుకుంది. మ్యాప్ చెయ్యమంటే ఒక అడ్రస్ ఇస్తుంది, అంతే. రాయడానికి ఇదే హాయి, ఒప్పుకుంటాను. కానీ విడుదల చేసేటప్పుడు ఆ అడ్రస్, పొడవు మళ్లీ చెప్పాల్సింది డ్రైవరే. మ్యాప్ విఫలమైందేమో చూడాల్సింది కూడా డ్రైవరే, ఆ పరీక్ష మరిచిపోయిన డ్రైవర్లు చాలా ఉండేవి. మ్యాప్ ఒక వస్తువుగా ఉండి తన వివరాలు తనే మోసుకోవాలన్న థోర్ప్ దారే నాకు నచ్చుతుంది.

ఏ ఇంటర్‌ఫేస్ వాడినా తప్పించలేనిది క్యాష్ లైన్ సమస్య. ఒక స్ట్రక్చర్‌లో 20 బైట్ల బఫర్, దాని పక్కనే ఒక కౌంటర్ ఉన్నాయనుకోండి. రెండూ 64 బైట్ల ఒకే లైనులో పడతాయి. డివైజ్ బఫర్‌లో రాస్తుండగా ప్రాసెసర్ కౌంటర్‌ను పెంచితే, తర్వాత ఆ లైను మెమరీలోకి దిగేటప్పుడు డివైజ్ రాసినదాని మీద పాత బైట్లు పడతాయి. ఇది ఎప్పుడో ఒకసారి జరుగుతుంది, మళ్లీ చూద్దామంటే జరగదు. ఇంత టెన్షన్ పెట్టే బగ్ ఇంకోటి లేదు. డీఎంఏ బఫర్‌ను విడిగా కేటాయించండి, స్టాక్ (ఫంక్షన్ల లోకల్ వేరియబుల్స్ ఉండే మెమరీ) మీద అసలు పెట్టకండి. లైనక్స్ 4.9లో ఎక్స్86-64 మీద స్టాక్‌ను వర్చువల్ మ్యాపింగ్‌లోకి మార్చే వీలు వచ్చాక, దాని ఫిజికల్ అడ్రస్ పాత తేలిక లెక్కతో దొరకదు కాబట్టి, ఏళ్ల తరబడి స్టాక్ మీది బఫర్లతో నడిచిన యూఎస్‌బీ డ్రైవర్లు ఎన్నో ఒక్కసారిగా బయటపడ్డాయి.

16 ఎంబీ కార్డుల కాలం పోయింది, బౌన్స్ బఫర్ కూడా పోతుందని చాలామంది అనుకున్నారు. పోలేదు. ఏఎండీ ఎస్ఈవీ, ఇంటెల్ టీడీఎక్స్ రక్షణలో నడిచే వర్చువల్ మెషీన్లలో మెమరీ ఎన్‌క్రిప్ట్ అయి ఉంటుంది. మామూలుగా బయటి డివైజ్ దాన్ని చదవలేదు. అందుకే డేటాను బయటికి కనపడే బఫర్లలోకి కాపీ చేసి పంపుతారు. ఆ పని చేసే ఎస్‌డబ్ల్యూ-ఐఓటీఎల్‌బీ కోడ్ లైనక్స్‌లో ఐఏ-64 (ఇంటెల్ ఐటానియం) ప్రాసెసర్ల కోసం మొదలైంది. ఎన్‌క్రిప్షన్ ఊసే లేని రోజుల్లో రాసిన డ్రైవర్లు కూడా, మ్యాప్, సింక్ సరిగ్గా పిలిచి ఉంటే, వీటిలో అలాగే నడుస్తున్నాయి. అడ్రస్‌ను తామే లెక్కకట్టుకున్నవి నడవవు.

మీ డ్రైవర్‌ను బయటికి పంపేముందు రెండు పనులు చెయ్యండి. డీఎంఏ డీబగ్ ఆప్షన్ పెట్టి కెర్నెల్ బిల్డ్ చెయ్యండి. తప్పు పొడవుతో విడుదల చేసినా, మ్యాప్ ఫలితం చూడకపోయినా, స్టాక్ బఫర్ ఇచ్చినా అది లాగ్‌లో చెబుతుంది. తర్వాత ఎస్‌డబ్ల్యూ-ఐఓటీఎల్‌బీని ఫోర్స్ చేసే బూట్ పారామీటర్‌తో అదే పీసీని మళ్లీ బూట్ చెయ్యండి. అప్పుడు బదిలీలన్నీ కాపీ ద్వారానే వెళ్తాయి. సింక్ ఎక్కడ మరిచిపోయారో ఆర్మ్ బోర్డు లేకుండానే మీ టేబుల్ మీదే తెలిసిపోతుంది. ఇక ప్రశ్నలుంటే అడగండి.