ఒంటి జఠరిక పిల్లలు: మొదటి ఆపరేషన్ తర్వాత ఇంట్లో గడిచే నెలలు

(తెరపై: గుండె బొమ్మ. ఎడమ జఠరిక బాగా చిన్నగా ఉంటుంది.)

నమస్కారం. గుండెలో కింది రెండు గదుల్ని జఠరికలు అంటాం. కుడిది రక్తాన్ని ఊపిరితిత్తులకు పంపుతుంది, ఎడమది ఒళ్లంతటికీ పంపుతుంది. కొందరు పిల్లలు వీటిలో ఒకటి సరిగ్గా ఎదగకుండానే పుడతారు. ఎడమది ఎదగకపోతే హైపోప్లాస్టిక్ లెఫ్ట్ హార్ట్ సిండ్రోమ్ అంటారు. ఇలాంటి బిడ్డ మొదటి ఆపరేషన్ అయ్యి ఇంటికొచ్చాక గడిచే నెలల గురించి ఈ రోజు చెప్తాను. ఆపరేషన్ ఎలా చేస్తారో అందరూ అడుగుతారు. ఈ నెలల గురించి అడిగేవాళ్లు తక్కువ. కానీ పెద్ద ప్రమాదం ఇక్కడా పొంచి ఉంటుంది.

ముందు ఆపరేషన్ల సంగతి. కడుపులో ఉన్నప్పుడు పనిచేసే డక్టస్ అనే చిన్న రక్తనాళం పుట్టాక కొద్ది రోజుల్లో మూసుకుపోతుంది. ఈ పిల్లల ఒంటికి రక్తం దాని గుండానే వెళ్తుంది కాబట్టి అది మూసుకుపోతే ప్రాణానికే ముప్పు. అందుకే ప్రోస్టాగ్లాండిన్ అనే మందును డ్రిప్‌గా పెట్టి దాన్ని తెరిచి ఉంచుతారు. సాధారణంగా మొదటి ఒకటి రెండు వారాల్లో నార్వుడ్ ఆపరేషన్ చేస్తారు. దాంతో కుడి జఠరికే ఒళ్లంతటికీ రక్తం పంపుతుంది. ఊపిరితిత్తులకు మాత్రం కొద్ది మిల్లీమీటర్ల వెడల్పున్న గొట్టం ఒకటి వేస్తారు. దాన్ని షంట్ అంటారు.

నాలుగు నుంచి ఆరు నెలల వయసులో రెండోది, గ్లెన్ ఆపరేషన్. పైభాగం నుంచి వచ్చే రక్తాన్ని నేరుగా ఊపిరితిత్తులకు కలుపుతారు. రెండేళ్లు దాటాక మూడోది, ఫాంటాన్. అప్పుడు కింది భాగం రక్తాన్నీ అలాగే కలుపుతారు. ఫ్రాన్స్‌లోని బోర్డోలో ఫ్రాన్సిస్ ఫాంటాన్ 1968లో మొదలుపెట్టిన పద్ధతి ఇది. మూడు ఆపరేషన్లు అయినా రెండో జఠరిక రాదు. ఉన్న ఒక్కదాని మీద భారం తగ్గుతుంది, అంతే.

(తెరపై: షంట్ బొమ్మ దగ్గరగా)

మొదటి ఆపరేషన్‌కీ రెండోదానికీ మధ్య ఒకే జఠరిక ఒంటికీ ఊపిరితిత్తులకీ కలిపి రక్తం తోడుతుంది. షంట్ సన్నది, రక్తం గడ్డకడితే మూసుకుపోతుంది. మామూలు బిడ్డ రెండు రోజుల్లో తట్టుకునే విరేచనాలు ఈ బిడ్డను ఒక్క పూటలో ప్రమాదంలోకి నెట్టగలవు. పాలు తాగడమే వీళ్లకు పెద్ద ఆయాసం.

అమెరికాలోని మిల్వాకీలో డాక్టర్లు నాన్సీ ఘనాయెమ్, జేమ్స్ ట్వెడెల్‌ల బృందం 2000లో ఒక పని మొదలుపెట్టింది. ప్రతి కుటుంబానికీ పసిపిల్లల కాటా ఒకటి, రక్తంలో ఆక్సిజన్ కొలిచే పల్స్ ఆక్సిమీటర్ ఒకటి ఇచ్చి ఇంటికి పంపారు. రోజూ బరువు, ఆక్సిజన్ శాతం రాసుకోవాలి. ఒక్క రోజులో 30 గ్రాములు తగ్గినా, మూడు రోజుల్లో కనీసం 20 గ్రాములు పెరగకపోయినా, ఆక్సిజన్ శాతం డాక్టర్లు పెట్టిన హద్దు కంటే కిందికి పడిపోయినా వెంటనే ఫోన్ చేయాలి. అంతకుముందు ఇంటికెళ్లిన 57 మంది పిల్లల్లో 9 మంది రెండో ఆపరేషన్‌కు ముందే చనిపోయారు. కాటాతో, ఆక్సిమీటర్‌తో వెళ్లిన 24 మందిలో ఒక్కరూ చనిపోలేదు.

సంఖ్య చిన్నది, పోల్చింది కూడా పాత సంవత్సరాలతోనే. కానీ ఆ తర్వాత అమెరికాలో చాలా ఆసుపత్రులు కలిసి ఇదే దారిలో నడిచాయి. మొదటి, రెండో ఆపరేషన్ల మధ్య నెలల్లో జరిగే మరణాలు 9.5 శాతం నుంచి 5.3 శాతానికి తగ్గాయి. అమ్మానాన్నలు ఇంట్లో రాసుకున్న అంకెలకు ఇంత బలం ఉందంటే నాకు ఇప్పటికీ గుండె నిండుతుంది.

(తెరపై: కాటా మీద బిడ్డ, పక్కనే నోట్‌బుక్)

మన దగ్గర నార్వుడ్ చేసే కేంద్రాలు తక్కువ. చేయించుకున్న బిడ్డ ఊరు ఆసుపత్రికి ఎన్నో గంటల దూరంలో ఉండొచ్చు. అందుకే కాటా 10 గ్రాముల తేడా చూపించేది కావాలి. రోజూ ఒకే సమయంలో, బట్టల్లేకుండా తూచాలి. నీళ్ల విరేచనాలు, వాంతులు, జ్వరం, పాలు మానేయడం, ఒళ్లు పాలిపోవడం, ఊపిరి ఎగబీల్చడం, వీటిలో ఏది కనిపించినా తెల్లారేదాకా ఆగకండి. షంట్‌లో రక్తం గడ్డకట్టకుండా ఆస్పిరిన్ రాసిచ్చి ఉంటే, డాక్టర్ చెప్పకుండా ఒక్క డోసు కూడా ఆపొద్దు.

ఇంకొకటి, చాలా ముఖ్యం. ఈ పిల్లలకు ఆక్సిజన్ 75 నుంచి 85 శాతం ఉంటే సాధారణంగా సరిపోతుంది. ఈ సంగతి తెలియని చోట 80 చూసి టెన్షన్ పడి, ఎక్కువ ఆక్సిజన్ పెట్టేస్తారు. అప్పుడు ఊపిరితిత్తుల రక్తనాళాలు విచ్చుకుని, రక్తం అటే ఎక్కువగా మళ్లుతుంది. ఒంటికి అందేది తగ్గిపోతుంది. అందుకే డిశ్చార్జ్ అయ్యే రోజే ఒక పేజీ రాయించుకోండి. జబ్బు పేరు, చేసిన ఆపరేషన్, షంట్ ఎక్కడ ఉంది, బిడ్డకు ఉండాల్సిన ఆక్సిజన్ శాతం, మందులు, కార్డియాలజీ బృందం ఫోన్ నంబర్ అందులో ఉండాలి. దాన్ని కవర్‌లో పెట్టి బిడ్డ సంచిలోనే ఉంచండి. అర్ధరాత్రి దగ్గర్లోని ఆసుపత్రికి పరుగెత్తాల్సి వస్తే, అక్కడి డాక్టర్ చేతికి ముందుగా ఆ పేజీ ఇచ్చి, ఆ నంబర్‌కు ఫోన్ చేయమని అడగండి.