పాత రంగును గీకకండి: తొలినాటి అమెరికా పల్లె సామాను సేకరణపై ప్రసంగం

సభకు నమస్కారం. పద్దెనిమిదో శతాబ్దంలోనూ పంతొమ్మిదో శతాబ్దపు తొలి సగంలోనూ అమెరికా ఈశాన్యంలోని న్యూ ఇంగ్లండ్, పెన్సిల్వేనియా ప్రాంతాల రైతులు, పల్లె వడ్రంగులు తమ అవసరం కోసం చేసుకున్న పెట్టెలు, బల్లలు, కుర్చీలు, కొయ్య గిన్నెలనే అమెరికా సేకర్తలు ప్రిమిటివ్ సామాను అంటారు. బోస్టన్, ఫిలడెల్ఫియా సంపన్నుల కోసం మహాగనితో చేసిన నగిషీ పనికి, దగ్గర్లో దొరికిన పైన్ కర్రతో చేసిన ఈ పనికి పోలికే లేదు. నేను ఈ సామానును ప్రేమించేది అందుకే.

ఆరు పలకల పెట్టెనే తీసుకోండి. ముందొకటి, వెనకొకటి, పక్కలకు రెండు, అడుగున ఒకటి, మూతకొకటి; పక్క పలకలనే నేలదాకా దించి, కింద మధ్యలో కోత పెడితే అవే కాళ్లవుతాయి. మన పాత ఇళ్లలోని భోషాణంలాగే ఇదీ దుప్పట్లు, బట్టలు దాచుకోవడానికి ఉపయోగపడింది. దాన్ని కొనదలచినవారు పైన ఎంత చూస్తారో అడుగున అంతకు రెట్టింపు చూడాలి. చేతి చిత్రిక పట్టిన పలక మీద వేళ్లు అడ్డంగా జరిపితే సన్నని అలల్లా ఎత్తుపల్లాలు తగులుతాయి. మేకులు కూడా పెట్టె వయసు చెబుతాయి: 1790లకు ముందు వాటిని కమ్మరి ఒక్కొక్కటిగా సాగగొట్టేవాడు. ఆ తర్వాత యంత్రంతో ఇనుప రేకు నుంచి కత్తిరించిన చదును మేకులు వచ్చాయి. ఇప్పుడు మనం వాడే గుండ్రటి తీగ మేకులు 1890ల నుంచి మామూలయ్యాయి. అయితే ఒక తీగ మేకు కనిపించినంత మాత్రాన పెట్టె నకిలీదని తేల్చకూడదు, అది తర్వాతి మరమ్మతు కావచ్చు. కర్ర అడ్డంగానే కుంచించుకుపోతుంది గనుక, పాత గుండ్రటి బల్లను టేపు పెట్టి కొలిస్తే రెండు దిక్కులా ఒకే కొలత రాదు.

అన్నిటికంటే ముఖ్యం పైపూత. ఆ రంగుల్లో కొన్ని నూనెలో కలిపినవి, కొన్ని పాలు, సున్నం, రంగుమట్టి కలిపి చేసినవి. ఇరవయ్యో శతాబ్దంలో చాలామంది కర్ర అందం చూడాలన్న మోజుతో వాటిని రసాయనాలతో గీకించి, పైన్ పలకలకు మెరుపు పెట్టించారు. తలుపు పిడి చుట్టూ చేతులు తగిలి నల్లబడిన నీలం, కుర్చీ ముందు కమ్మీ మీద మడమలు ఆని అరిగిపోయిన ఎరుపు ఒకసారి పోతే ఎవరూ తిరిగి తేలేరు. నేడు కార్ఖానాల్లో పాతవిగా కనిపించేలా చేసే వస్తువులను పట్టించేది కూడా ఇదే: వాటిపై అరుగుదల అంతటా సమానంగా ఉంటుంది.

చూపుకు ఎంతటివారైనా మోసపోవచ్చు. రోడ్ ఐలండ్ శిల్పి అర్మాండ్ లామాంటేన్ 1969లో పదిహేడో శతాబ్దపు బ్రూస్టర్ కుర్చీకి (గుండ్రటి కడ్డీలు వరుసగా బిగించి చేసిన చేతుల కుర్చీకి) నకలు చెక్కి పాతదనం తెప్పించగా, హెన్రీ ఫోర్డ్ మ్యూజియం దాన్ని అసలుదనుకొని కొన్నది. రంధ్రాలను ఆయన కావాలనే ఆధునిక డ్రిల్లుతో వేశారు. ఎక్స్-రే తీసి ఉంటే లోపలి రంధ్రాల ఆకారం కనిపించి గుట్టు అప్పుడే బయటపడేది. ఆ మ్యూజియం ఆ కుర్చీని దాచేయకుండా, నకిలీలను గుర్తించే పాఠంగా వాడుకోవడం నాకు ఎంతో గౌరవప్రదంగా తోస్తుంది.

ఈ సేకరణకు గౌరవం తెచ్చినవారిలో ఎలక్ట్రా హేవ్‌మేయర్ వెబ్ ఒకరు. తల్లిదండ్రులు ఐరోపా మహాచిత్రకారుల పటాలు కొన్న ఇంట్లో పెరిగిన ఆమె పల్లె బొమ్మలు, బొంతలు, పనిముట్లు కూడబెట్టి 1947లో వెర్మాంట్‌లో షెల్బర్న్ మ్యూజియం స్థాపించారు.

ఇక ఇంటి అలంకరణ. న్యూజెర్సీలోనో మసాచుసెట్స్‌లోనో ఉంటున్న మనవాళ్లు ఇలాంటివి కొంటే, గది నిండా పేర్చవద్దని నా మనవి. తెల్లగోడ పక్కన రంగు వెలిసిన ఒక్క అలమర, చుట్టూ ఖాళీ స్థలం ఉంటే చాలు. నేరుగా ఎండ పడితే రంగు పాలిపోతుంది. చలికాలం హీటరు దగ్గర పెడితే పలకలు బీటలు వారతాయి. పాత ఎర్రమట్టి పాత్రల మెరుగులో సీసం ఉంటుంది గనుక వాటిలో తినే పదార్థాలు పెట్టకండి; పాత రంగుల్లోనూ సీసం ఉండవచ్చు, పసిపిల్లలున్న ఇంట్లో మరింత జాగ్రత్త అవసరం.

మసాచుసెట్స్‌లోని బ్రిమ్‌ఫీల్డ్‌లో ఏటా మే, జూలై, సెప్టెంబరు నెలల్లో పాత సామాను సంత జరుగుతుంది. అక్కడికి టార్చిలైటు, టేపు తీసుకెళ్లండి. రంగు మొదటిదేనా, మూత ఈ పెట్టెదేనా, కాళ్లేమైనా మార్చారా అని అమ్మకందారును అడిగి, ఆయన చెప్పిన జవాబును రసీదు మీదే రాయించుకోండి.