వెలుతురు కనపడాలంటే

అన్నలకు, తమ్ముళ్లకు నమస్కారం. ఒంగోలు చుట్టుపక్కల పందిళ్లకు లైట్లు కట్టే మనం ఇలా పగటిపూట ఒకచోట కూర్చోవడమే అరుదు. నేరుగా విషయానికి, అంటే లైట్ల వెలుగు కనపడేలా చేసే పొగ మెషిన్ల సంగతికి వస్తాను.

టూరింగ్ టాకీసులు చూసినవాళ్లు మీలో ఉంటారు. ప్రొజెక్టర్ గది కంతలోంచి తెర దాకా తెల్లటి వెలుగు సాగేది, బీడీ పొగ అందులో సుడులు తిరిగేది. నేల టికెట్లో కూర్చుని సినిమా వదిలేసి దాన్నే చూసేవాణ్ని. వెలుతురు పోయే దారి తనంతట తాను కంటికి ఆనదు. మధ్యలో ఏదో ఒకటి దాన్ని మనవైపు చెదరగొట్టాలి. లక్షలు పోసి కొన్న షార్పీలకు, అంటే సన్నటి వెలుగు కడ్డీలు విసిరే తిరిగే లైట్లకు, మన పొగ మెషిన్ చేసే సాయం అదే.

స్మోక్ మెషిన్‌లో గ్లైకాల్ గానీ గ్లిజరిన్ గానీ కలిపిన నీళ్లు వేడి దిమ్మెలో ఆవిరై, బయటి గాలి తగలగానే సన్నటి తుంపరగా మారతాయి. గుప్పున లేచి, తెరలు తెరలుగా విడిపోతాయి. హేజర్ అంటే పొగలా కాక పలచటి మంచులా వదిలే మెషిన్, దాని బిందువులు ఇంకా సన్నం. హాలంతా సమంగా పరుచుకుని చాలాసేపు నిలుస్తాయి. పెళ్లికూతురు నడిచొచ్చే ఆ ఒక్క నిమిషానికి స్మోక్ చాలు. సంగీత్ జరిగినంతసేపూ లైట్లు నిండుగా కనపడాలంటే హేజరే. చేతిలో డబ్బుంటే ఇంకో రెండు షార్పీలు కాదు, ముందు ఒక మంచి హేజర్ కొనండి.

ఆరుబయట సంగతి వేరు. కొత్తపట్నం వైపు ఒక రిసెప్షన్‌లో సాయంత్రం గాలి సముద్రం మీది నుంచి కొడుతుంటే, నేను మెషిన్‌ను స్టేజీకి పడమటి మూలన పెట్టాను. స్టేజీ మీద పొగ చుక్క నిలవలేదు. అంతా భోజనాల మీదికి పోయింది. ఒక పెద్దాయన విస్తరి ముందు నుంచి లేచి, పైగుడ్డ నోటికి అడ్డం పెట్టుకుని దగ్గుతూ వెళ్లిపోయాడు. ఆ రోజు నుంచి ట్రస్సు, అదే లైట్లు తగిలించే లోహపు చట్రం, నిలబెట్టగానే రిబ్బన్ ముక్క ఒకటి వేలాడదీస్తాను. గాలి ఎటు నుంచి వస్తే మెషిన్ అటే.

నేల మీద మేఘంలా పొగ పరిచే డ్రై ఐస్, అంటే గడ్డకట్టిన కార్బన్ డయాక్సైడ్, దగ్గర మాత్రం భయం ఉండాలి. అది మైనస్ 78 డిగ్రీల చలి, ఉత్త చేత్తో ముట్టకూడదు. దాన్నుంచి వచ్చే కార్బన్ డయాక్సైడ్ గాలికన్నా బరువు, నేలనే పట్టుకుని ఉంటుంది, ఎక్కువైతే ఊపిరాడదు. మన పెళ్లిలో నేల దగ్గర కూర్చునేది ఎవరు? పీటల మీద వధూవరులు, పక్కన పురోహితుడు, చుట్టూ పిల్లలు. తలుపులు మూసిన ఏసీ హాల్లో బకెట్లకు బకెట్లు పోయమంటే నేను ఒప్పుకోను, మీరూ ఒప్పుకోకండి.

హేజ్‌కైనా ఫైర్ అలారం మోగొచ్చు, హాలు మేనేజర్‌కు ముందే చెప్పండి. స్మోక్ మెషిన్ మూతి ముందు నేల జారుతుంది, నడిచే దారిలో పెట్టొద్దు. కంపెనీ చెప్పిన లిక్విడ్ తప్ప ఇంకేదీ పోయొద్దు.

తమ్ముడూ, ఆ కిటికీలు మూసెయ్. ముందు ఏమీ లేకుండా షార్పీ ఒక్కటే వేస్తాను. తర్వాత ఐదు నిమిషాలు హేజర్ నడుపుదాం. వెనక వరుసలో ఉన్నవాళ్లు నా ముఖం మసకబారగానే చెయ్యెత్తండి, అక్కడ ఆపేస్తాను.