దిదఖే: బైబిల్లో చేరకపోయినా సంఘం చదివించిన పుస్తకం

అందరికీ నమస్కారం. బైబిల్లో చోటు దక్కని తొలినాటి క్రైస్తవ రచనల మాట ఎత్తగానే, సంఘ పెద్దలు భయపడి వాటిని దాచేశారని చెప్పేవారు చాలామంది కనిపిస్తారు. కొన్ని గ్రంథాలను బిషప్పులు గట్టిగా ఖండించిన మాట నిజమే కానీ, అన్నింటినీ ఒకే గాటన కట్టడం అన్యాయం. అందుకే నాకెంతో ఇష్టమైన ఒక చిన్న పుస్తకం గురించి ఈ రోజు చెబుతాను. దాని గ్రీకు పేరు దిదఖే, అంటే బోధ. మొత్తం పదహారు చిన్న అధ్యాయాలు. ఒకటో శతాబ్దం చివర లేదా రెండో శతాబ్దం మొదట్లో ఇది ఈ రూపానికి వచ్చిందని పండితుల్లో ఎక్కువమంది అభిప్రాయం.

క్రీ.శ. 367లో అలెగ్జాండ్రియా బిషప్పు అథనాసియస్ తన సంఘాలకు రాసిన పండుగ లేఖలో, ఇప్పుడు మన కొత్త నిబంధనలో ఉన్న 27 పుస్తకాలనే పేర్కొన్నాడు. ఈ సంగతి చెప్పి చాలామంది అక్కడితో ఆగిపోతారు. అదే లేఖలో ఆయన, లేఖనాల పట్టికలో లేకపోయినా కొత్తగా విశ్వాసంలోకి వచ్చేవారు చదవాలని పితరులు నియమించిన పుస్తకాలు కొన్ని ఉన్నాయంటూ, వాటిలో ‘అపొస్తలుల బోధ’ను, అంటే ఈ దిదఖేను కూడా చేర్చాడు. దాచిపెట్టదలచిన పుస్తకాన్ని ఎవరైనా కొత్తవారి చేతికి ఇస్తారా?

తర్వాతి కాలంలో ఈ పుస్తకం కనుమరుగైంది. 1873లో కాన్‌స్టాంటినోపుల్‌లోని ఒక మఠ గ్రంథాలయంలో, 1056లో రాసిన ఒక చేతిరాత ప్రతి ఫిలోథియోస్ బ్రియెన్నియోస్ అనే గ్రీకు మతాధికారి కంటపడింది. అందులో ఉన్న దిదఖేను ఆయన 1883లో అచ్చు వేయించాడు.

ఇక లోపలికి వెళితే, ఆనాటి సంఘం కళ్లముందు కదులుతుంది. బాప్తిస్మం పారే నీళ్లలో ఇవ్వాలి. అవి దొరకకపోతే వేరే నీళ్లలో, చన్నీళ్లు వీలుకాకపోతే వేడినీళ్లలో ఇవ్వవచ్చు. ఏవీ చాలినన్ని లేకపోతే తలమీద మూడుసార్లు పోస్తే చాలు. నియమం చెబుతూనే మనిషి ఇబ్బందిని కూడా తలచుకున్న ఈ తీరు నన్ను ఎప్పుడూ కదిలిస్తుంది. ఊరూరా తిరిగే బోధకుల సంగతి మరీ ఆసక్తికరం. వచ్చినవాణ్ణి ప్రభువును చేర్చుకున్నట్టే చేర్చుకోవాలి. కానీ అతడు ఒక రోజు, అవసరమైతే రెండో రోజు కూడా ఉండవచ్చు, మూడు రోజులు మకాం వేస్తే మాత్రం అబద్ధ ప్రవక్తే. వెళ్లేటప్పుడు తర్వాతి మజిలీ దాకా సరిపడే రొట్టె తప్ప ఏమీ తీసుకోకూడదు, డబ్బు అడిగితే వాడూ అబద్ధ ప్రవక్తే. స్థిరపడాలనుకున్నవాడికి పని వస్తే ఆ పని చేసుకుని తినాలి. పని చేయనని భీష్మించుకుంటే అతడు క్రీస్తు పేరుతో వ్యాపారం చేసేవాడు. సంఘం సొమ్ము విషయంలో ఇంత తేటగా మాట్లాడిన తొలినాటి రచనలు అరుదు.

ఎనిమిదో అధ్యాయంలో పరలోక ప్రార్థన ఉంది. దాన్ని రోజుకు మూడుసార్లు చేయాలని పుస్తకం చెబుతుంది. మన తెలుగు సంఘాల్లో ఆ ప్రార్థన చివర రాజ్యము, బలము, మహిమ నీవేనని పలుకుతాం కదా. మత్తయి సువార్త అతి పురాతన ప్రతుల్లో ఆ ముగింపు లేదు. దిదఖేలో మాత్రం, రాజ్యమనే మాట లేకుండా, బలము, మహిమ నిరంతరము నీవేనన్న ముగింపు ఉంది.